వలెన్సియాకి కుక్కరు రాదు

ఆదివారం పొద్దున్న సింకు దగ్గర నిలబడి రొయ్యలు ఒలుస్తున్న ప్రభావతికి ఉన్న ధైర్యం ఒక్కటే. హోటల్ ఖాయమైపోయింది. ఉన్న భయమూ ఒక్కటే. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు.

కిందటి నెల ఆడపడుచు భర్త నరసరాజుగారి పుట్టినరోజు విందులో, “ఈసారి ఊరూ బసా నేను చూస్తానన్నయ్యగారూ, ఎప్పుడూ మీరు పడే శ్రమేగా” అని ఆమె అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారే తప్ప, ఎందుకంటోందని ఒక్కరూ అడగలేదు. మే నెలాఖరున పిల్లల హాఫ్ టర్మ్ సెలవులకి స్పెయిన్ వెళ్ళాలన్నది అప్పటికే అనుకున్నదే. ఊరు వలెన్సియా అని ఆమె తేల్చింది. ఇంగ్లండ్‌లో తాముండే న్యూకాసిల్ నుంచి అలికాంతే దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు, మూడు రాత్రులు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిదల్లా శుక్రవారం తను పనిచేసే కౌన్సిల్ ఆఫీసు నుంచి ఆమె చేసిన ఫోను సంగతి. ఆ ఫోనులో ఆమె తీసుకున్నది అందరూ అనుకుంటున్న ఫ్లాటు కాదు. పాత మార్కెట్ పక్కన ఒక చిన్న హోటలు. అందులో వంటగది లేదు సరికదా, గదిలో టీ కాచుకునే కెటిల్ కూడా లేదు.

నరసరాజుగారు న్యూకాసిల్‌లో పేరున్న డాక్టరు. ఆయన ఈ ఊరొచ్చిన కొత్తల్లో కరివేపాకు రెబ్బ కావాలన్నా లండన్ వెళ్ళే మనిషితో చెప్పి పంపాల్సి వచ్చేదట. అప్పట్నుంచీ ఆయనది ఒకటే సూత్రం. మనిషి గడప దాటితే వెనకాలే అన్నమూ దాటాలి. అందుకే ఏటా ఆయన నడిపించే టూర్లలో మనుషులకంటే ముందు కుక్కర్లు తయారవుతాయి. రెండు ఎలక్ట్రిక్ కుక్కర్లు, సంచెడు బియ్యం, తువ్వాళ్ళలో చుట్టిన ఆవకాయ సీసాలు, ఎల్లిపాయ కారం. ఏ దేశమైనా, ఏ ఊరైనా బస మాత్రం వంటగది ఉన్న ఫ్లాటులోనే. వండేది ఎవరన్నది ఎవరూ అడగరు. ప్రభావతి చేతి వంట తిన్నవాళ్ళకి ఆ అనుమానం రాదు.

ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లో పడవెక్కినప్పుడు ఆమె చూసింది కాలవల్ని కాదు, పేపరు ప్లేట్లలో పంచాల్సిన పులిహోరని. ప్యారిస్ అంటే ఆమెకు గుర్తొచ్చేది ఒక ఇరుకు వంటిల్లు, నీళ్ళు పోని సింకు, తాలింపు వేసినప్పుడల్లా గగ్గోలు పెట్టిన స్మోక్ అలారం, దాని కింద నిలబడి చాటలాగా మాగజైన్ ఊపుతున్న తను.

వలెన్సియా పేరు ఆమె చెవిన వేసింది ఆఫీసులో పక్క సీటు మార్గరెట్. సెలవులకి వెళ్ళొచ్చి ఫోటోలు చూపించింది. ఒక ఫోటో దగ్గర ప్రభావతి చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు నిలిచిన వరిచేలు. గట్టు మీద తెల్లకొంగలు. వెనక, ఆకాశానికి అంటుకుపోయినట్టున్న సరస్సు మీద పొడవాటి పడవ. ‘మా ఆకివీడే!’ అని పైకే అనబోయింది. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. స్పెయిన్‌లో వరి పండుతుందని ఆమెకు అప్పటిదాకా తెలీదు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఆ గట్టు మీద తను నడవాలి. చేతిలో గరిటె లేకుండా నడవాలి.

అదిగో, ఆ నిర్ణయం ఇవాళ బయటపడే రోజు.

“ఏంటి ప్రభా, పెళ్ళి విందులా చేస్తున్నావ్?” అన్నాడు భర్త సుబ్బరాజు వంటింట్లోకి తొంగిచూసి. “బావగారు టూరు ప్లాను మాట్లాడదామంటే వస్తున్నారు గానీ, పెళ్ళిచూపులకి కాదుగా!”

“తిననివ్వండి. మాటలు తరవాత,” అంది ప్రభావతి.

కడుపు నిండినవాడికి కోపం నెమ్మదిగా వస్తుందని వాళ్ళమ్మ అనేది. ఆ మాట నమ్మే రొయ్యల ఇగురు చేసింది, గోంగూర మాంసం చేసింది, ముద్దపప్పు మీదికి నెయ్యి కాచింది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. నరసరాజుగారు, ఆయన భార్య కళావతి. కళావతి సుబ్బరాజుకి సొంత అక్క, మాట తక్కువ మనిషి. వాళ్ళతోపాటు సుబ్బరాజు ఆఫీసులో కొత్తగా చేరిన క్రాంతి, అతని భార్య బిందుమాధవి. ఆ పిల్ల తెనాలి నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఆ జంటకి ఇదే మొదటి టూరు. ప్రభావతి కూతురు స్రవంతి సోఫా చివర కాళ్ళు ముడుచుకుని ఫోనులో టకటకా మెసేజీలు కొట్టుకుంటోంది.

భోజనాలు ముగిశాయి. నరసరాజుగారు తృప్తిగా పొట్ట నిమురుకుని, “చెల్లెమ్మా, ఈ ఇగురు అక్కడ మొదటిరోజే పడాలి. స్పెయిన్ రొయ్యలు పెద్దవంట!” అని చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశారు. ఆస్పత్రిలో డాక్టర్లకి డ్యూటీలు వేసినట్టు, ఆయన టూరుకీ రోటా వేస్తారు. కంప్యూటర్లో గళ్ళు గీసి, రంగులు అద్ది మరీ.

“వినండి. పొద్దున్న ఉప్మా, ఇడ్లీ రవ్వ వగైరా, బిందుమాధవి. మధ్యాహ్నం పొట్లాలు, ప్రభావతి. రాత్రి వంట, ప్రభావతి. గిన్నెలు, కళావతి.”

“మరి అబ్బాయిల డ్యూటీ ఏంటి అంకుల్?” అని బిందుమాధవి అమాయకంగా అడిగింది.

“షాపింగ్, సూపర్‌విజను.”

క్రాంతి నవ్వాడు. సుబ్బరాజూ నవ్వాడు. ప్రభావతి చేతిలో ఉన్న కాఫీ ట్రే బల్లమీద పెట్టింది. పెట్టాక, కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంది.

“అన్నయ్యగారూ, అక్కడ వంటగది లేదండి.”

“లేదంటే? చిన్నదా?”

“చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. నేను తీసుకుంది ఫ్లాటు కాదు, హోటలు. నాలుగు గదులు ఖాయం చేసేశాను.”

నరసరాజుగారు ముందు సుబ్బరాజు వైపు చూశారు. సుబ్బరాజు పెళ్ళాం వైపు చూశాడు. అతని మొహం చూస్తే, ఇతనికీ తెలీదని చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.

“పొరపాటు పడినట్టున్నావు చెల్లెమ్మా,” అన్నారు నరసరాజుగారు, రోగికి ధైర్యం చెప్పే గొంతుతో. “ఏం ఫరవాలేదు. రేపు ఫోన్ చేసి క్యాన్సిల్ చెప్పెయ్. ఫ్లాటు సంగతి నేను చూస్తాను.”

“పొరపాటు కాదండి. కావాలనే తీసుకున్నాను.”

స్రవంతి ఫోను పక్కన పెట్టి తలెత్తింది.

“మరి తిండి?” అన్నారాయన. “ఆ దేశంలో ఏం తింటాం? ఎండు రొట్టె, ఆలివ్ కాయలూనా? నాకు రెండు పూటలా అన్నం పడకపోతే నిద్ర పట్టదని తెలుసుగా నీకు?”

“అన్నమే తిందామండి. అది అన్నం తినే ఊరు.”

“స్పెయినా?”

“స్పెయినంతా సంగతి నాకు తెలీదు. వలెన్సియా మాత్రం అన్నం ఊరే. ఊరి పక్కన మన కొల్లేరులాంటి సరస్సు ఉంది. చుట్టూ వరిచేలు. మనం వెళ్ళేసరికి నాట్లు పడి ఉంటాయి. మధ్యాహ్నం అయితే చాలు, ఇంతింత వెడల్పు పళ్ళేల్లో, కట్టెల మంట మీద వండుతారు. కోడిమాంసం, కుందేలు మాంసం, చిక్కుళ్ళు, అన్నీ అందులోనే. ఆ ఊరికి మనం బియ్యం మూట మోసుకెళ్ళడమంటే, కొల్లేటికి చేపలు పట్టుకెళ్ళడమేనండి!”

క్రాంతి ఫక్కున నవ్వి, నరసరాజుగారి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

“కుందేలా?” అన్నారు నరసరాజుగారు. ఆ మాట ఆయన నోట్లోంచి కాస్త మెత్తగా వచ్చింది. చిన్నప్పుడు తాతగారి చేలో పట్టిన కుందేళ్ళ వేపుడు రుచి ఆయన ఇప్పటికీ కథలుగా చెబుతారు. ఒక్క క్షణం ఆయన కళ్ళు గదిలో లేవు. వెంటనే తేరుకున్నారు. “కుందేలు సరేనమ్మా. దాంట్లో కారం ఉంటుందా? మసాలా ఉంటుందా? పిల్లలు తింటారా?”

“పిల్లలు అన్నీ తింటారు, మావయ్యా,” అంది స్రవంతి. “ఇట్స్ యూ.”

“స్రవంతీ!” అని సుబ్బరాజు గదమాయించాడు గానీ, గదమాయింపులో పస లేదు.

నరసరాజుగారు కాఫీ కప్పు తీసుకున్నారు, తాగలేదు. ఆయనకిప్పుడు తిండి సంగతి కాదు పట్టింది. టూరు మాట ఆయనకి తెలియకుండా మారడం. ఆ సంగతి ఆయన చెప్పరు, చెప్పలేరు. అందుకని తనకు బాగా తెలిసిన మందు తీశారు.

“చెల్లెమ్మా, నీ చేతి వంట మా అందరికీ ప్రాణం. నువ్వు వండితే ఆ ప్యారిస్ కూడా మన భీమవరం అయిపోయింది. ఒక్క మూడు రోజులు మాకోసం గరిటె పట్టుకోవడం అంత కష్టమా? ఇంట్లో ఎలాగూ వండుతావు కదా?”

ఏడాదికొకసారి ఈ మాత్ర ఆమె మింగుతూనే వచ్చింది. తియ్యగానే ఉండేది. పొగడ్త ముందరికాళ్ళకి బంధం అని తెలిసీ ముందుకి అడుగెయ్యబోవడం, బంధం బిగుసుకుని ఆగిపోవడం. ఈసారి మింగలేదు.

“ఇంట్లో ఎలాగూ వండుతాను కాబట్టేనండి, అక్కడ వండనంటున్నాను.”

సుబ్బరాజు సర్దబోయాడు. “పోనీ ప్రభా, ఒక పూట బయట తిందాం, ఒక పూట...”

అప్పుడు స్రవంతి లేచి కూర్చుంది. “డాడ్, ఒక ప్రశ్న. ప్యారిస్‌లో మమ్ ఈఫిల్ టవర్ ఎక్కిందా?”

“ఎక్కకపోవడమేంటమ్మా? నా పక్కనేగా నిలబడింది! గాలికి కొంగు ఎగిరి నా మొహం మీద పడుతుంటే...”

“అది నేను రా, తమ్ముడూ,” అంది కళావతి.

సుబ్బరాజు గిర్రున అక్కవైపు తిరిగాడు.

“లిఫ్టులో చెల్లెమ్మ నా వెనకుంది,” అన్నారు నరసరాజుగారు గట్టిగా. “నాకు బాగా గుర్తు. ఎర్ర స్వెటరు వేసుకుంది. ఇరుగ్గా ఉంటే కాస్త జరగమ్మా అన్నాను కూడా.”

“మావయ్యా, అది ఎవరో జపనీస్ లేడీ. మీరు తెలుగులో జరగమంటే పాపం, థాంక్యూ అని నవ్వింది. ఐ లాఫ్డ్ అబౌట్ ఇట్ ఫర్ డేస్.”

బిందుమాధవి నవ్వింది. క్రాంతి నవ్వాడు. కళావతి కూడా పెదవి బిగపట్టుకుంది. ఆ నవ్వు ఆగాక, ఒకరి తరవాత ఒకరు ప్రభావతి వైపు తిరిగారు. చివరికి సుబ్బరాజే అడిగాడు.

“మరి నువ్వెక్కడున్నావు ప్రభా?”

“ఫ్లాటులో. టవర్ దిగొచ్చేసరికి అందరూ ఆకలి మీదుంటారు, కోడికూర వేడివేడిగా ఉండాలని మీరే అన్నారు.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. “మీరొచ్చి బాగా తిన్నారు కూడా. టవరు మీంచి ఊరంతా దీపాలు వెలిగినట్టుందని చెప్పుకున్నారు. నేను వడ్డిస్తూ విన్నాను.”

సుబ్బరాజు తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ టవరు మీద తన పక్కన పెళ్ళాం ఉందనుకున్నాడు. ఆ గాలీ ఆ కొంగూ అన్నీ ఆమెవే అనుకుని ఎంతమందికి చెప్పాడో!

“అన్నయ్యగారూ, ఒక్క మాట చెబుతాను,” అంది ప్రభావతి. నిలబడే ఉంది. “నాకు ఆ పాత మార్కెట్ పొద్దున్నే తెరిచే వేళకి చూడాలనుంది. దాని పైకప్పుకి రంగురంగుల అద్దాలుంటాయట. నారింజ చెట్లున్న వీధుల్లో నడవాలనుంది. చర్చి గంట స్తంభం ఎక్కాలి, మోకాళ్ళు నొప్పెట్టినా సరే. మన చేలల్లో కలుపని పీకి గట్టున పారేస్తామే తుంగ, అలాంటి గడ్డల్నే నానబెట్టి, రుబ్బి, పాలు తీసి చల్లగా ఇస్తారట అక్కడ. అది తాగాలి. సాయంత్రం సరస్సులో పడవెక్కి కూర్చోవాలి, ఒళ్ళో ఏ డబ్బా లేకుండా. మధ్యాహ్నం ఎవరో వండింది, ఎవరో వడ్డిస్తే, వేడిగా ఉండగా నేను తినాలి. అందరికంటే ముందు తినాలి. ఇంకో సంగతి. ఆ ఊళ్ళో ఆదివారం నాడు ఆ పళ్ళెం అన్నం వండేది మగవాళ్ళట. అదీ చూడాలి నేను.”

“మగవాళ్ళా?” అంది బిందుమాధవి, కళ్ళు పెద్దవి చేసి. “ఆంటీ, నేనూ చూస్తా. నాకు ఉప్మా చెయ్యడం ఇష్టం లేదు. అసలు ఉప్మా అంటేనే ఇష్టం లేదు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా?” అన్నాడు క్రాంతి.

“మీకిష్టమని చెప్పలేదు.”

“నాకూ ఇష్టం లేదు! నువ్వు చేస్తున్నావని తింటున్నా!”

ఈసారి నవ్వు గది దాటి హాలు చివరికి వెళ్ళింది. నరసరాజుగారు ఒక్కరే నవ్వలేదు. కాగితం మడత విప్పి మళ్ళీ బల్లమీద పరిచారు.

“సరే. మన పద్ధతి ప్రకారం ఓటు పెడదాం. కుక్కర్లు తీసుకెళ్ళాలి, ఫ్లాటే ఉండాలి అన్నవాళ్ళు చెయ్యెత్తండి.” ఆయన చెయ్యి లేచింది. ఆయన టూర్లలో ఏ ఓటూ ఇంతవరకూ ఓడిపోలేదు. ఎందుకంటే ఆ చెయ్యి లేచాక మిగతా చేతులు వాటంతటవే లేచేవి.

క్రాంతి చెయ్యి అలవాటులేని అలవాటుగా కొంచెం లేచి, పక్కన భార్యని చూసి, తల గోక్కుని కిందికి దిగింది. సుబ్బరాజు రెండు చేతులతోనూ కాఫీ కప్పు పట్టుకున్నాడు. కప్పు ఖాళీ అని అందరికీ కనిపిస్తోంది. అయినా వదల్లేదు. కళావతి కార్పెట్ మీది పువ్వుని చూస్తూ కూర్చుంది.

“కళావతీ?” అన్నారు నరసరాజుగారు.

కళావతి తలెత్తలేదు. చెయ్యీ ఎత్తలేదు.

ఆయన చెయ్యి ఒంటరిగా కాసేపు గాల్లో ఉండి, దిగింది. రోటా మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచి కోటు తొడుక్కున్నారు.

“మంచిది. అందరూ కలిసి నిర్ణయించుకున్నారు. శుభంగా వెళ్ళి రండి. నేను రాను.”

“బావగారూ!” అని సుబ్బరాజు లేచాడు.

అప్పటికే ఆయన తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. కళావతి పర్సు తీసుకుని ఆయన వెనకే నడిచింది. తలుపు మూసుకుంది.

నరసరాజుగారి అలక ఆ కుటుంబంలో పేరుమోసింది. పెళ్ళిలో వేడుకకని అలకపాన్పు మీద కూర్చోబెడితే, నిజంగానే అలిగి భోజనాల వేళ దాటిపోయేదాకా లేవని అల్లుడాయన. ఇంటి అల్లుడు అలిగితే ఇంటికి అరిష్టమని అత్తగారు కాళ్ళూ చేతులూ ఆడక తిరిగేది. అలా ఎప్పుడు అలిగినా బతిమాలడానికి పంపేది నిక్కర్లేసుకున్న సుబ్బరాజునే. ‘వెళ్ళి బావగారిని తీసుకురారా’ అనేవారు. వాడు వెళ్ళేవాడు, చెయ్యి పట్టుకునేవాడు, తీసుకొచ్చేవాడు. ఇన్నేళ్ళయినా, దేశం మారినా, ఆ డ్యూటీ మాత్రం అతనిదే.

ఇప్పుడూ అతని కాళ్ళు తలుపువైపే నడిచాయి.

“వెళ్తారా?” అంది ప్రభావతి.

“వెళ్ళకపోతే ఎలా ప్రభా? అలిగి వెళ్ళారు కదా. అక్కయ్య ఏమనుకుంటుంది?”

“వెళ్ళండి. రమ్మని పిలవండి. మీతోపాటు నేనూ వచ్చి పిలుస్తాను, ఆయన వస్తే నాకూ సంతోషమే. కానీ హోటల్ మారుస్తామని మాత్రం చెప్పకండి. అది మీ చేతిలో లేదు, నా చేతిలోనే ఉంది.”

సుబ్బరాజు తలుపు దగ్గర ఆగిపోయాడు. వెళ్ళి ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ బావగారిని తీసుకొచ్చింది తన బతిమాలుడు కాదని, అలిగినప్పుడల్లా ఎవరో ఒకరు తమ కోరిక వదులుకున్నారని, ఆ కబురు మాత్రమే తను మోసుకెళ్ళేవాడని అప్పటికప్పుడు తెలిసింది. మోసుకెళ్ళే కబురేదీ ఇవాళ అతని దగ్గర లేదు.

వెనక్కి వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

“ఆ గంట స్తంభానికి లిఫ్టు ఉందా?” అన్నాడు చివరికి.

“లేదు. మెట్లే.”

“అయితే నేనూ ఎక్కుతాను. నువ్వు నా పక్కన ఉన్నావో లేదో మెట్టుమెట్టుకీ తిరిగి చూసుకుంటాను.”

“కొంగు పట్టుకుని మరీ చూసుకోండి అంకుల్,” అంది బిందుమాధవి. “మళ్ళీ ఎవరిదో పట్టుకునేరు!”

ప్రభావతి నవ్వింది. పొద్దున్నుంచి గుండెలో మడిచి పెట్టుకున్న గుడ్డేదో ఎవరో దులిపి ఆరేసినట్టు అనిపించింది. గెలిచానని ఆమె అనుకోలేదు. ఆకలేస్తోందని అనుకుంది. అందరికీ వడ్డించడంలో తను తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కంచం తెచ్చుకుని, అందరి మధ్యా కూర్చుని, ఇగురు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. రొయ్య మెత్తగా ఉంది. నిజమే, తన వంట బాగుంటుంది. ఎవరూ అనకపోయినా బాగుంటుంది.

రెండో ముద్ద కలుపుతుండగా తలుపు చప్పుడైంది. కళావతి తిరిగొచ్చింది. ఆమె ఒక్కతే.

“ఏం అక్కయ్యా, ఏమన్నా మర్చిపోయావా?” అని సుబ్బరాజు కంగారుగా లేచాడు.

కళావతి అతనికి జవాబు చెప్పలేదు. తిన్నగా వచ్చి ప్రభావతి ఎదురుగా కూర్చుంది. ఆమె మొహం ఎర్రబడి ఉంది. అది చలిగాలికో, మరి దేనికో తెలియడం లేదు.

“తిను ప్రభా. లేవకు,” అంది. “హోటల్లో మా గది అలాగే ఉంచు.”

“అన్నయ్యగారు వస్తానన్నారా వదినా?”

“లేదు. కార్లో కూర్చున్నారు. ‘వలెన్సియా మాట నా దగ్గర ఎత్తకు’ అన్నారు.”

“మరి?”

“ఆయన రారు. నేను వస్తాను.”

సుబ్బరాజు కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఆమెకు పెళ్ళయిన నాటి నుంచి నరసరాజుగారు లేకుండా కళావతి ఏ ఊరికీ వెళ్ళగా ఆ కుటుంబంలో ఎవరూ చూడలేదు. తల్లి పోయినప్పుడు కూడా, ఆయనకి సెలవు దొరికేదాకా ఆగి, ఆయనతోనే బయలుదేరింది.

“టవర్ మీద గాలికి కొంగెగిరింది నాదే,” అంది కళావతి నెమ్మదిగా. “కానీ ఊరు చూడలేదు ప్రభా. కిందికెళ్ళాక కడగాల్సిన గిన్నెలే కళ్ళముందు మెదిలాయి. ఇవాళ రోటాలో ‘గిన్నెలు, కళావతి’ అని చదువుతుంటే కూడా, మొదట నాకేమీ అనిపించలేదు. అనిపించనందుకే ఇప్పుడు భయమేస్తోంది.”

“ఈ మాట ఆయనకి చెప్పావా అక్కయ్యా?”

“లేదు. ఫోను మర్చిపోయానని చెప్పొచ్చాను.” ఆమె పిడికిలి తెరిచి, అరచేతిలోనివి బల్లమీద పెట్టింది. కారు తాళాలు. “తిన్నాక ఆయన బండి నడపరు, నేనేగా నడిపేది. ఇవి ఇక్కడున్నంతసేపూ ఆయన ఎక్కడికీ వెళ్ళలేరు. అందరి ముందూ చెబుతాను. ఇంటికెళ్ళాక ఒక్కదాన్నే అయితే, రేప్పొద్దుటికి నేనే మాట మార్చేస్తాను. నాకు తెలుసు నా సంగతి.”

బయట కారు హారన్ మోగింది. ఒకసారి. కాసేపాగి, పొడుగ్గా ఇంకోసారి.

కళావతి తాళాలవైపు కూడా చూడలేదు. పమిట భుజం చుట్టూ బిగించి కప్పుకుంది, అంతే.

హారన్ ఆగింది. కారు తలుపు వేసిన చప్పుడు. వాకిట్లో కంకర మీద బూట్లు నలుగుతున్న చప్పుడు దగ్గరవుతోంది. బెల్లు మోగింది.

ప్రభావతి కంచం పక్కన పెట్టి లేవబోయింది.

“నువ్వు తింటున్నావుగా,” అని ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, కళావతి తనే తలుపు తియ్యడానికి వెళ్ళింది.